గొంతు తగ్గించిన పాట

కిందటి సంక్రాంతికి గార్ల వెళ్లినప్పుడు మా చిన్నమ్మకి నా సెల్‌ఫోనులో ఒక బ్రెజిల్ పాట వినిపించాను. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, "ఇదేం పాటనే బిడ్డా, ఇంట్ల పసిపిల్ల పండుకున్నట్టు గింత మెల్లగ పాడుతున్నరు?" అంది. బోసా నోవాకి ఇంతకన్నా మంచి నిర్వచనం నేనెక్కడా చదవలేదు!

బోసా నోవా అంటే పోర్చుగీసులో 'కొత్త ధోరణి'. దాని తల్లి సాంబా. రియో వీధుల్లో డోళ్ల హోరుతో ఊరేగే సాంబాని జువావ్ జిల్బెర్టో ఒక్క గిటారులోకి దింపాడు. బొటనవేలు నిలకడగా తాళం చూసుకుంటుంది. తక్కిన వేళ్లు ఆ దెబ్బల సందుల్లో పలుకుతాయి. మన డప్పు మీద సిర్ర ఒక పని చేస్తుంటే చిటికెన పుల్ల మరో పని చేయదూ? అలాగన్న మాట. ఇక గొంతు తాళానికి కాస్త ముందో, కాస్త వెనకో నడుస్తుంది. అతీత, అనాగత గ్రహాల రుచి తెలిసిన మనకి ఇదేమంత కొత్త కాదు. 1958లో ఆంటోనియో కార్లోస్ జోబిమ్ బాణీని ఆయన ఇలా పాడి రికార్డిచ్చేసరికి బ్రెజిల్ కుర్రకారంతా గిటార్లు పట్టుకున్నారు.

1962 ఫిబ్రవరిలో స్టాన్ గెట్జ్, చార్లీ బర్డ్ వాషింగ్టన్‌లోని ఒక చర్చిలో 'జాజ్ సాంబా' రికార్డు చేశారు. అంతే, జాజ్ నడకే మారింది. అంతవరకు జాజ్‌లో దెబ్బని రెండుగా విరిస్తే మొదటి ముక్క సాగేది, రెండోది కుదించుకునేది. తిశ్రగతి వాసన అది. బోసా నోవాలో రెండు ముక్కలూ సమానం, మన చతురశ్రంలాగా. ఆ చిన్న తేడాతోనే పాత పాటలు కొత్త చీర కట్టుకున్నాయి. కెన్నీ డోర్హమ్ 'బ్లూ బోసా' 1963లో రికార్డయి, నేటికీ జాజ్ నేర్చుకునేవాళ్ల తొలిపాఠాల్లో ఒకటిగా ఉంది. అంతటి ఫ్రాంక్ సినాత్రా కూడా 1967లో జోబిమ్ పక్కన కూర్చుని, ఇర్వింగ్ బెర్లిన్ 1938 నాటి పాటని గొంతు తగ్గించి పాడాడు.

అన్నట్టు, చిన్నమ్మకి వినిపించిన పాట 'ఇపనీమా అమ్మాయి'. 1963 మార్చిలో న్యూయార్కులో రికార్డు చేస్తుంటే ఇంగ్లీషు చరణాలు పాడేవాళ్లు కావలసి వచ్చారు. జిల్బెర్టో భార్య ఆస్ట్రుడ్‌కి ఇంగ్లీషు వచ్చు. వృత్తిగా పాడినావిడ కాదు, అయినా పాడింది. ఎల్పీ ముందు అట్ట మీద గెట్జ్, జిల్బెర్టో, జోబిమ్ పేర్లున్నాయి. ఆవిడ పేరు లేదు. 1964లో చిన్న రికార్డు వేసేటప్పుడు భర్త చరణాలు కత్తిరించి ఆవిడవే ఉంచారు. ప్రపంచం విన్నది ఆ గొంతునే. 1965లో గ్రామీ వచ్చింది కూడా ఆ రికార్డుకే.

ఈ కథ చెబితే చిన్నమ్మ నవ్వలేదు. "నేను సుత మెల్లగనే పాడేదాన్ని. ముందరింట్ల మామ ఉండెటోడు గద" అంది. జోలపాటలు, బతుకమ్మ పాటలు ఆవిడకి ఎన్ని వచ్చో మాకెవరికీ లెక్క తెలియదు. పాటగత్తె అని ఆవిడని పిలిచినవాళ్లూ లేరు.

ఫోను ముందు పెట్టి పాడమన్నాను. విజయవాడ వైపు రైలు పోయిందాకా ఆగి, చీరకొంగు సర్దుకుని, అదే మెల్లని గొంతుతో మొదలుపెట్టింది. పాట పేరు తర్వాత అడగొచ్చునని, ముందు ఆవిడ పేరు రాసుకున్నాను.