‘భాగవతుల’ – వృత్తినామం వంశనామమైన తీరు

తెలుగువారి ఇంటిపేర్లలో కొన్ని ఊరిని, కొన్ని విద్యను, మరికొన్ని వృత్తిని తెలుపుతాయి. భగవత్కథలను గానాభినయాలతో ప్రదర్శించిన వారి నుండి వచ్చినది ‘భాగవతుల’.

పదస్వరూపం: ‘భాగవత’ అను సంస్కృత పదానికి భగవంతునికి సంబంధించినది, భగవద్భక్తుడు అని అర్థాలు. తెలుగునాట పురాణగాథలను పాడి ఆడేవారు భాగవతులు. వారి ఆట భాగవతం. ఆ కథ భాగవత పురాణంలోనిదే కానక్కరలేదు. బహువచనమైన ‘భాగవతులు’కు షష్ఠీరూపమే ‘భాగవతుల’. అందుచేతనే అది వ్యక్తి పేరుకు ముందు నిలుస్తుంది.

తెలుగునాట: కృష్ణా జిల్లా కూచిపూడిలోని సంప్రదాయ కుటుంబాలలో వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వారితోపాటు భాగవతుల వారూ ఉన్నారు. అయితే అక్కడి కళాకారులందరికీ ‘కూచిపూడి భాగవతులు’ అనే ప్రసిద్ధి. వృత్తినామం అందరిది, ఇంటిపేరు కొందరిది. ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతం, తెలంగాణలో చిందు భాగవతం ప్రదర్శించేవారు వేరు కులాలకు చెందినవారు.

పొరుగు రాష్ట్రాలలో: తంజావూరు నాయకరాజుల కాలంలో అనేక తెలుగు కుటుంబాలు కావేరీ తీరాన స్థిరపడ్డాయి. ఆ ప్రాంతంలోని మెలట్టూరులో వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకాలను నృసింహ జయంతి వేళ ‘భాగవతమేళా’ పేరిట నేటికీ ప్రదర్శిస్తారు. తమిళనాట ‘భాగవతర్’ వ్యక్తి పేరు చివర చేరే గౌరవనామం. త్యాగరాజస్వామి శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతర్ సౌరాష్ట్ర వంశీయుడు. సినీ గాయక నటుడు ఎం.కె.త్యాగరాజ భాగవతర్ (1910–1959) తమిళుడు. కర్ణాటక యక్షగానంలో కథను పాడి ఆటను నడిపించే ప్రధాన గాయకుడే ‘భాగవత’.

గుర్తించవలసినది: పేరులోని పోలిక బంధుత్వానికి ఆధారం కాదు. తాతగారి పేరు చివర ‘భాగవతర్’ ఉన్నంత మాత్రాన అది భాగవతుల వంశమని తలచరాదు. ఇంటిపేరు వేరొకటి ఉండవచ్చు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరాన్నే పొడి అక్షరంగా వ్రాసే వాడుక వలన బడి పత్రాలలో తెలుగు ఇంటిపేరు కనబడకుండా పోతున్నది. పాత భూమి దస్తావేజులు, శుభలేఖలు, ప్రవర చెప్పుకొనే ఇండ్లలో గోత్రం, పెద్దల జ్ఞాపకం – వీటిని సరిపోల్చినప్పుడే నిజం తేలుతుంది. పెద్దలుండగానే ఇంటిపేరును, పూర్వగ్రామాన్ని వ్రాసి ఉంచుకొనుట ప్రతి కుటుంబానికీ శ్రేయస్కరం.