నిజాం (యుద్ధనౌక)

రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా నౌకాదళం నడిపిన డిస్ట్రాయర్. హైదరాబాద్ పాలకుడు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళం వల్ల ఈ పేరు వచ్చింది. 1941 జనవరిలో సేవలో చేరి, ఆ మే నెలలో క్రీట్ నుంచి సైనికులను తరలించింది; ముట్టడిలో ఉన్న టోబ్రూక్‌కు బలగాలను, సరుకులను చేరవేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొసన పెద్ద అల మీద పడి పదిమంది నావికులు కొట్టుకుపోయారు. సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు వేళ టోక్యో అఖాతంలో ఉంది. ఈ విరాళాన్ని పాలకుడి ఔదార్యంగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. సర్ఫెఖాస్, అంటే పాలకుడి ఖాసా భూములు, ఆయన సొంత ఆస్తి కదా అనవచ్చు. ఆ భూముల రాబడి కూడా రైతు కట్టిన శిస్తే. యుద్ధం ఫాసిజం మీద జరిగిందన్నది నిజమే, అయినా బాధ్యతాయుత ప్రభుత్వం లేని ఆ సంస్థానంలో రైతును ఎవరూ అడగలేదు. నౌక చరిత్రలో ఆ రైతుకూ చోటు దక్కాలి.