సిజేరియన్ కుట్ల దగ్గరే మత్తు మందు: నొప్పి ఎంత తగ్గుతుంది, ఎప్పుడు అడగాలి?

సిజేరియన్ తర్వాత థియేటర్ నుంచి వార్డుకు వచ్చిన కాసేపటి దాకా నడుము కింద ఏమీ తెలియదు. వెన్నుకు ఇచ్చిన మత్తు రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. అసలు నొప్పి అప్పుడు మొదలవుతుంది. బిడ్డను ఒళ్లోకి తీసుకుని పాలు పట్టాల్సిన సమయం కూడా సరిగ్గా అదే. పక్కకు తిరగాలన్నా, దగ్గాలన్నా, మంచం దిగాలన్నా కుట్లు లాగుతాయి.

ఇది కొద్దిమంది బాధ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం.

ఆ మొదటి గంటల నొప్పిని తగ్గించే తేలికైన పద్ధతి ఒకటుంది. కోత మూసేటప్పుడు సర్జనే చర్మం కింద, కండరాల పైపొర దగ్గర మత్తు మందును సూదితో కోత పొడవునా ఎక్కిస్తారు. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే ఇంజెక్షన్ లాంటిదే. రెండు మూడు నిమిషాల పని. స్కానింగ్ మెషీన్ అక్కర్లేదు, ప్రత్యేక నిపుణులూ అక్కర్లేదు. ఎక్కువగా వాడేది బుపివకైన్. ఇది మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే.

ఎంతసేపు పనిచేస్తుంది?

సుమారు నాలుగు నుంచి ఎనిమిది గంటలు. అయితే ఇది మొద్దుబార్చేది కోత నొప్పినే. గర్భసంచి ముడుచుకునేటప్పుడు, ముఖ్యంగా బిడ్డ పాలు తాగేటప్పుడు పొత్తికడుపులో వచ్చే మెలికల నొప్పిపై దీని ప్రభావం దాదాపు ఉండదు. అందుకే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లేదా డైక్లోఫెనాక్ వంటివి డాక్టర్ రాసిన వేళకు పడాల్సిందే. నొప్పి ముదిరాక వేసుకోవడం కంటే, వేళ ప్రకారం వేసుకుంటేనే ఫలితం బాగుంటుంది. ‘మాత్రలు పాలలోకి దిగుతాయి’ అని ఇంట్లో పెద్దవాళ్లు మాన్పించడం మనకు తెలిసిందే. ఈ మందులు పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, పాలిచ్చే తల్లులకు వాడదగినవే. బుపివకైన్ కూడా అంతే.

అందరికీ అవసరమా?

కాదు. వెన్ను మత్తులోనే కొద్దిగా మార్ఫిన్ కలిపితే ఉపశమనం చాలా గంటలు ఉంటుంది. అలాంటివారికి కుట్ల దగ్గర ఇంజెక్షన్‌తో అదనంగా ఒరిగేది తక్కువ. సిజేరియన్ నొప్పిపై 2021లో వెలువడిన ప్రాస్పెక్ట్ అంతర్జాతీయ సిఫార్సులు కూడా వెన్నులో మార్ఫిన్ ఇవ్వనప్పుడే ఈ పద్ధతిని సూచించాయి. మార్ఫిన్ ఇవ్వని ఆసుపత్రిలో, జనరల్ అనస్థీషియాలో ఆపరేషన్ అయినప్పుడు దీని విలువ ఎక్కువ.

ప్రమాదం ఉందా?

మోతాదు దాటితేనో, పొరపాటున రక్తనాళంలోకి వెళితేనో ఉంది. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి తొలి లక్షణాలు. ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే బరువును బట్టి లెక్క కడతారు. బుపివకైన్‌కు సాధారణ పరిమితి కిలోకు 2 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మహిళకు 120. 0.25 శాతం మందు 20 మిల్లీలీటర్లలో ఉండేది 50 మిల్లీగ్రాములే. బరువు మరీ తక్కువున్నా, గుండె లేదా కాలేయ సమస్య ఉన్నా, గతంలో పంటి ఇంజెక్షన్‌కు రియాక్షన్ వచ్చినా ముందే చెప్పాలి.

ఎప్పుడు, ఎవరిని అడగాలి?

కుట్లు పడ్డాక అడిగితే లాభం లేదు. ముందే తేదీ ఖరారైన ఆపరేషన్ అయితే మత్తు డాక్టర్ పరీక్షకు వచ్చినప్పుడు రెండు మాటలు అడగండి: ‘వెన్ను ఇంజెక్షన్‌లో మార్ఫిన్ కలుపుతారా? లేకపోతే కుట్ల దగ్గర మందు ఇస్తారా?’ చివరికి మందు ఎక్కించేది సర్జన్ కాబట్టి ఆమె చెవిన కూడా వేయండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీ అయితే తల్లికి అడిగే ఓపిక ఉండదు. పక్కనున్న అమ్మో, భర్తో సంతకాలు పెట్టే సమయంలో అడగొచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సిజేరియన్, దానికి వాడే మందులు, సామగ్రి అన్నీ ఉచితం. అందువల్ల ఈ ఇంజెక్షన్‌కు విడిగా డబ్బు కట్టాల్సిన పని లేదు. ప్రైవేటులో అయితే ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే తేల్చుకోవడం మంచిది.

ఇంకో సంగతి. రోజులు గడిచేకొద్దీ కోత నొప్పి తగ్గాలి. మూడో రోజో, వారం తర్వాతో పెరిగినా, కుట్ల చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా మాత్రలతో నెట్టుకురాకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.