ధనంబోడు రాళ్లు



జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు మీలో పెక్కుమంది యెరిగినదే. పేరులోనే ధనమున్నది, కాని చిరకాలము ఆ దిబ్బ ఊరివారి ఇటుకల యక్కరనే తీర్చినది. 1882లో జేమ్స్ బర్జెస్ దొర పరిశీలించునాటికి, సుమారు 31 అడుగుల వ్యాసముగల బౌద్ధస్తూపము యొక్క అడుగుభాగము మాత్రము మిగిలియుండెను.

అచ్చట దొరకిన స్తంభములపై ప్రాకృతభాషలో ఒక శాసనము కలదు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుడను శిల్పి తన తల్లితోను, ఆలుబిడ్డలతోను, తోబుట్టువు కుటుంబముతోను గూడి, వెలగిరి గ్రామమందలి మహాచైత్యమునకు తూర్పువాకిట ఐదు స్తంభములు నిలిపెనట. తండ్రి నాగచంద్రుడును శిల్పియే. రాజు పేరు కాలము తెలుపుటకే, దానము పనివానిది! ఆ రాళ్లును ఏ యింటి గడపగానో మారియున్నచో ఈ కుటుంబమును మనమెరుగము.

శాసనములకు నకళ్లు తీయువారి పని విలువ ఇందు తెలియును. మునియేటి యొడ్డున పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మన సీమవారే. 1923లో వారు గతించిన పిమ్మట హైదరాబాదులోని పరిశోధకమండలి వారి పేరు దాల్చినది. శాసనముల ప్రతులు సేకరించి 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించినది.

నకలు తీయుట యింతే: రాతిని కడిగి, తడికాగితము పరచి, అక్షరముల లోతునకు దిగునట్లు కుంచెతో కొట్టి, పైని సిరా అద్దుదురు. అక్షరములు తెల్లగా తేలును. సున్నము పూసిన రాతిపై మాత్రము అవి పట్టువడవు. కావున గుడికి వెల్లవేయించునపుడు వ్రాతయున్న రాతిని విడిచిపెట్టింపుడు.