బండికి లెక్క ఉంది, డ్రైవరుకు లేదు

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. అందుకే ఆ రోజు మనకు పండుగ. అయితే ఆ హక్కు మన చేతికి అందడానికి ఆధారం సర్వీసు రిజిస్టరు. ఎప్పుడు చేరామో, ఎన్నాళ్లు సెలవు పెట్టామో, ఇంక్రిమెంటు ఎప్పుడు వచ్చిందో అన్నీ అందులో ఉంటాయి. రిజిస్టరే లేని కొలువు ఎలా ఉంటుందో మా ఊరి లారీ డ్రైవర్లలో చూశాను. కార్మిక శాఖలో గుమాస్తాగా పనిచేసినందున వారి ఫైళ్లూ చూశాను. ఆ సంగతే ఇక్కడ వ్రాస్తున్నాను.

మాది గోపాల్‌పేట. ఒకప్పుడు సంస్థానం. తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. మా ఊరికి రైలు లేదు. ‘వనపర్తి రోడ్’ అనే స్టేషను సైతం వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉంది. కనుక వేరుశనగ బయటికి పోవాలన్నా, ఎరువు, సిమెంటు, కిరాణా సరుకు ఊళ్లోకి రావాలన్నా మొదట ఎడ్లబండి, ఆ తర్వాత లారీయే దిక్కు.

మా వీధిలో ఒక లారీ డ్రైవరు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా అందరం ‘డ్రైవర్ మామ’ అని పిలిచేవాళ్లం. ఆయన ట్రిప్పు ఇలా సాగేది. సాయంత్రం 4 గంటలకు వేరుశనగ బస్తాల లోడింగు మొదలు. హమాలీలు పని ముగించి, టార్పాలిన్ కట్టి, బండి కదిలేసరికి రాత్రి 9. జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరేసరికి తెల్లవారుజామున 3. నూనె మిల్లు గేటు తీసేది ఉదయం 9కి. దించేసరికి మధ్యాహ్నం. తిరుగు లోడు దొరికి బయలుదేరేసరికి సాయంత్రం 5. ఇల్లు చేరేది రాత్రి 11కి. మొత్తం 31 గంటలు. అందులో చక్రం తిరిగింది 12 గంటలే. మిగతా 19 గంటలు లోడింగు, కాపలా, ఎదురుచూపు.

కూలి మాత్రం ట్రిప్పు లెక్కన. నెల జీతం నామమాత్రం, అసలు బతుకు బత్తా మీద. లోడు లేని రోజు బత్తా లేదు. ట్రిప్పులు పెరిగితేనే నాలుగు రాళ్లు కనుక తన నిద్రను తానే తగ్గించుకునేవాడు. ఎవరూ కొరడా పట్టుకొని వెంటబడనక్కరలేదు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. బ్రిటన్‌లో 1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టమే డ్రైవింగు గంటలకు హద్దు పెట్టింది. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టం వరుసగా 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. 1948 కనీస వేతనాల చట్టం షెడ్యూలులో ప్రజా మోటారు రవాణా ఉన్నది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూర ప్రయాణాలకు 10 గంటల దాకా సడలింపు. అదనపు పనికి రెట్టింపు కూలి. రెండు పనిదినాల నడుమ 9 గంటల విశ్రాంతి.

చదవడానికి బాగానే ఉంది. కాని ఆ 1961 చట్టం అయిదుగురు, అంతకు మించి పనివారున్న సంస్థలకే. మా పల్లెల్లో యజమానికి ఉండేది ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఊరికే కాచుకొని ఉన్న సమయం 15 నిమిషాల లోపయితేనే పనిగంటల్లో కలుస్తుందని అందులో వ్రాసి ఉంది. మిల్లు గేటు ముందు ఆరు గంటలు కూర్చున్నవాడి గతేమిటి?

1984లో డ్రైవర్ మామ మా ఆఫీసుకు వచ్చారు. చూపు తగ్గి స్టీరింగు వదిలేశారు. పదకొండేళ్లు ఒకే యజమాని దగ్గర పనిచేశారు. రావలసిన కూలి ఇప్పించమని అర్జీ. యజమాని మాట వేరు: “ఈయన జీతగాడు కాడు, ట్రిప్పుకింతని మాట్లాడుకున్నాం.” హాజరు పట్టీ లేదు, జీతాల రిజిస్టరు లేదు. ఫైలు మీద నోటు పెట్టింది నేనే. ‘పనివారి సంఖ్య అయిదుకు తక్కువ గనుక 1961 చట్టం వర్తించదు. కనీస వేతనాల క్లెయిమునకు పనిదినాల ఆధారములు లేవు.’ చివరకు కొద్దిపాటి మొత్తానికి రాజీ కుదిరి ఫైలు మూసేశారు.

కొన్నాళ్లకు ఊరికి వెళ్లినప్పుడు వారింటికి పోయాను. మాటల మధ్యలో అటక మీది రేకు డబ్బా దించారు. నిండా ధర్మకాంటా చీటీలు, మిల్లు రసీదులు. తేదీ, టైము, లారీ నంబరు, కొన్నిటి మీద ఆయన సంతకం! “ఇవి ఆఫీసుకు ఎందుకు తేలేదు మామా?” అంటే, “నువ్వు అడగకపోతివి గద అల్లుడా! బండి నిలవడితె నేను నిలవడ్డట్టేనా? సరుకు పోతె ఎవరు కట్టాలె? అందుకే అన్నీ దాచిపెట్టిన” అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. నా నోటులో తప్పులేదు, అందులో వ్రాసిందంతా నిబంధనల ప్రకారమే. కాని “నీ దగ్గర కాగితాలేమైనా ఉన్నాయా?” అని ఒక్క మాట అడగలేదు. ఆ ప్రశ్న వేయడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు.

ఆ తరువాత కాలం మారింది. 1988 మోటారు వాహనాల చట్టం రవాణా వాహనం నడిపే ప్రతి వ్యక్తికీ 1961 చట్టపు పనిగంటలనే వర్తింపజేసింది. మన ఊళ్లలో డీసీఎంలు పెరిగాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక కుర్రవాళ్లు అప్పు చేసి తామే యజమానులయ్యారు. అప్పుడు గంటల లెక్క అడగడానికి ఎదుట మనిషే లేకుండా పోయాడు. వాయిదా కట్టడమే యజమాని. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి 1961 చట్టం రద్దయింది. వేతనాల కోడ్ కనీస వేతనాన్ని ఉద్యోగులందరికీ హక్కుగా చేసింది, అది మేలే. కాని పనిగంటల కోడ్‌లో మోటారు రవాణా సంస్థలకు అయిదుగురి హద్దు పదిమంది అయింది. ఒక్క లారీ యజమాని దగ్గర పనిచేసేవాడు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే.

విచిత్రమేమిటంటే, నేడు లారీ గురించి అన్నీ తెలుస్తున్నాయి. టోల్‌గేటు దాటితే ఫాస్టాగ్, సరుకుకు ఈ-వే బిల్లు, బండికి జీపీఎస్. ఐరోపా దేశాల లారీల్లో టాకోగ్రాఫ్ అనే యంత్రం డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నాడో నమోదు చేస్తుంది. మన దగ్గర బండి ఎక్కడుందో ఇంట్లో కూర్చున్న యజమానికి తెలుసు. నడిపేవాడు నిద్రపోయి ఎంతసేపయిందో మాత్రం ఎక్కడా వ్రాయడం లేదు.

మన సభ్యుల ఇళ్లలోనూ, ఇరుగుపొరుగునా డ్రైవర్లున్నారు. వారికి మనం చేయగలిగిన సాయం ఉంది. కాంటా చీటీలు, టోల్ రసీదులు, ఫోనుకు వచ్చే సందేశాలు దాచుకోమని చెప్పండి. బయలుదేరిన టైము, చేరిన టైము ఒక నోటుబుక్కులో వ్రాయించండి. అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి. అర్జీ వ్రాయవలసి వస్తే కలం పట్టడం మనకు తెలిసిన విద్యే గదా!

డ్రైవర్ మామ పోయి చాలా ఏళ్లయింది. ఏ పెన్షనూ లేకుండానే పోయారు. ఏటేటా నేను బ్రతికే ఉన్నానని ధ్రువపత్రం ఇచ్చి వస్తున్నప్పుడు ఆ రేకు డబ్బా గుర్తుకొస్తుంది. పనిచేశానని చెప్పే సాక్ష్యం ఆయన దగ్గర డబ్బా నిండా ఉంది. అడగవలసిన గుమాస్తాయే అడగలేదు.