గుడ్ ఫ్రైడే నాడు తవ్విన సమాధులు

శ్మశానంలో గునపాలు పడుతున్నాయి.

1819 ఏప్రిల్. గ్రీసు పడమటి తీరంలో, అయోనియన్ సముద్రం ఒడ్డున పార్గా. గుట్ట మీద వెనిస్ వాళ్లు కట్టిన కోట, దాని కింద మెట్లు మెట్లుగా ఇళ్లు, ఎదురుగా నీళ్లలో మరియమాత గుడి ఉన్న చిన్న లంక, వెనక కొండల నిండా ఆలివ్ తోటలు. ఆ రోజు గుడ్ ఫ్రైడే అని పార్గా వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. క్రీస్తు పాడెని పూలతో కట్టి వీధుల్లో ఊరేగించాల్సిన రోజు. దేవుణ్ణి సమాధి చేసే పూట ఆ ఊరు తన సమాధుల్ని తవ్వుకుంటోంది.

తీసిన ఎముకల్ని మోసుకొచ్చి ఊరి మధ్య రాశి పోస్తున్నారు. ఆ ఇళ్లలో అప్పుడు ఎవరేం మాట్లాడుకున్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. ఊహించుకోవాల్సిందే. “తాతయ్యని కూడా తీసుకెళ్తామా, నాన్నమ్మా?” అని ఏ పిల్లాడో అడిగి ఉంటాడు. “మరి ఎవరి పాలు చేసి పోతాంరా?” అని ఆవిడ తవ్వడం ఆపకుండానే అని ఉంటుంది.

ఎవరి పాలో ఊరందరికీ తెలుసు. అలీ పాషా. పేరుకి ఒట్టోమాన్ సుల్తాను కొలువులో ఉద్యోగి. నిజానికి యానినాలో కూర్చుని ఎపిరస్ సీమనంతా సొంత రాజ్యంలా ఏలినవాడు. 1798లో పొరుగున ఉన్న ప్రెవెజాని పట్టుకుని ఊచకోత కోయించాడు. 1803లో సూలి కొండల్ని లొంగదీశాడు. అతని చేతికి చిక్కడం ఇష్టం లేక సూలి ఆడవాళ్లు బిడ్డలతో సహా జలోంగో కొండ మీంచి దూకిన సంగతి గ్రీసులో చిన్నపిల్లలకీ తెలుసు. ప్రాణాలతో బయటపడ్డ సూలి జనానికి చోటిచ్చింది పార్గాయే.

ఆ ఊరు 1401 నుంచి వెనిస్ నీడన దాదాపు 400 ఏళ్లు బతికింది. 1797లో వెనిస్ కూలాక జెండాలు మారుతూ వచ్చాయి. 1814లో ఊరివాళ్లే ఫ్రెంచి దండుని దించేసి కోట మీద బ్రిటిష్ జెండా ఎగరేశారు. కోరి తెచ్చుకున్న దొరలన్నమాట. మూడేళ్లకే, 1817లో, ఆ దొరలు పార్గాని ఒట్టోమాన్లకి అప్పగిస్తూ ఒప్పందం రాసుకున్నారు. 1800 నాటి రష్యా, ఒట్టోమాన్ ఒడంబడికలో ఆ ఊరు సుల్తానుకి రాసి ఉంది. అయోనియన్ దీవుల్ని బ్రిటన్ రక్షణలోకి తెచ్చిన 1815 ఒప్పందంలో దాని ఊసే లేదు. కాగితాలు చూస్తే దొరలదే న్యాయం. ఈ కథలో నాకు ఎక్కువ ఒళ్లు మండేది అక్కడే.

వెళ్లిపోయేవాళ్లకి పరిహారం ఇప్పిస్తామన్నాడు ఆ దీవుల్లో ఒకటైన కోర్ఫూలోని బ్రిటిష్ హై కమిషనర్ థామస్ మెయిట్‌లాండ్. అంతకుముందు సిలోనుకి గవర్నరుగా చేసినవాడే. ఇళ్లు, పొలాలు, ఆలివ్ చెట్లు అన్నిటికీ వెల కట్టారు. బేరం సాగి సాగి 1,50,000 పౌండ్ల దగ్గర తెగింది. సొమ్ము కట్టేది అలీ పాషా. ఉంటారా, పోతారా అంటే ఊరు ఊరంతా పోతామంది. సుమారు 4,000 మంది. తాతల సమాధులకి ఆ లెక్కలో ఏ గడి ఉంటుంది?

ఇంకా ఓడలెక్కకముందే పాషా సైన్యం పొలిమేరలకి వచ్చేసిందని తెలిసింది. ఊరి పెద్దలు కోటలోని బ్రిటిష్ అధికారికి కబురంపారు: మేమంతా వెళ్లకముందు పాషా మనిషి ఒక్కడు లోపల అడుగుపెట్టినా మా ఆలుబిడ్డల్ని మా చేతుల్తోనే చంపుకుని, ఆఖరి మనిషి దాకా పోరాడతాం. బెదిరింపు కాదని అధికారికి అర్థమైంది. కోర్ఫూ నుంచి జనరల్ ఫ్రెడరిక్ ఆడమ్ హడావుడిగా వచ్చాడు. ఆయన వచ్చేసరికి ఎముకల చితి మండుతోంది. ఇళ్ల ముందు జనం మాటా పలుకూ లేకుండా నిలబడి ఉన్నారు. ఆయన వెళ్లి పాషా సైన్యాన్ని ఆపించాడు.

చితి అంటే మనకి మామూలు మాట. అక్కడ కాదు. ఎముకలు తవ్వి తీయడం గ్రీకులకి వింత కాదు. పాతిన కొన్నేళ్లకి బయటికి తీసి, వైన్‌తో కడిగి, భద్రపరచుకునే ఆచారం ఉంది. కాల్చడమే తప్పు. పునరుత్థానం కోసం ఎదురుచూసే దేహాన్ని నిప్పుకివ్వడం ఆర్థడాక్స్ చర్చి ఈనాటికీ ఒప్పుకోదు. గ్రీసు చట్టం దహనానికి అనుమతిచ్చింది 2006లో. దేశంలో మొదటి దహనవాటిక రిట్సోనాలో తెరుచుకుంది 2019లో, పార్గా చితికి సరిగ్గా 200 ఏళ్లకి. మతం కోసం ఊరొదులుతున్నవాళ్లు మతం కాదన్న పని చేశారు, అదీ ఏడాదిలోకెల్లా పవిత్రమైన రోజుల్లో. పాషా మనుషుల కాళ్ల కింద పెద్దల ఎముకలు నలగడం కంటే ఆ పాపమే నయమనుకున్నారు.

బూడిద, గుళ్లలోని పవిత్ర పటాలు వెంటబెట్టుకుని కోర్ఫూ చేరారు. యూరప్‌లో గగ్గోలు లేచింది. ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో హాయెజ్ ఆ వలసని పెద్ద తైలచిత్రంగా వేశాడు. పార్గాని కొనుక్కున్న అలీ పాషాని 1822లో సుల్తాను మనుషులే చంపేశారు.

ఆడమ్ దొర కథ మన దాకా వస్తుంది. తర్వాత ఆయనే కోర్ఫూలో హై కమిషనర్ అయి పట్నానికి మంచినీళ్లు తెప్పించాడు. అందుకు పెట్టిన విగ్రహం నీళ్ల కొలను పక్కన ఇప్పటికీ ఉంది. 1832లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అది నందన నామ సంవత్సరం. గుంటూరు సీమని ఊడ్చేసిన డొక్కల కరువు ఆయన ఏలుబడిలోనే. నీళ్లు తెచ్చిన దొరన్న పేరు ఆయనకి ఇక్కడ రాలేదు.

పార్గా 1913లో గ్రీసులో కలిసింది. కోర్ఫూలో దాచిన పటాలు, పవిత్ర వస్తువులు 1930లో తిరిగొచ్చాయి. వాటిని మోసుకెళ్లినవాళ్ల మునిమనవలు చాలామంది అప్పటికే కోర్ఫూ వాళ్లైపోయారు.