డోంట్ స్టార్వ్‌లో పంజరపు కాకి

కెనడాలోని వాంకూవర్‌కు చెందిన క్లే ఎంటర్‌టైన్‌మెంట్ 2013 ఏప్రిల్ 23న విడుదల చేసిన వీడియో గేమ్ ‘డోంట్ స్టార్వ్’. ఇందులో ఆటగాడు కాకిని బోనువేసి పట్టి, పంజరంలో పెట్టి, మేత వేసి, బదులుగా గుడ్లూ విత్తనాలూ పొందవచ్చు. ఎర్రపిట్టకూ, చలికాలంలో కనిపించే మంచుపిట్టకూ ఇదే పద్ధతి. పంజరంలో ఏ పిట్ట ఉన్నా ఫలితం ఒక్కటే. అయితే దొరికిందల్లా తిని బతికే పక్షిగా మనకు తెలిసిన కాకి స్వభావానికి ఈ ఏర్పాటు అతికినట్టు సరిపోతుంది. మనిషి తింటే జబ్బుచేసే మాంసాన్ని, రేపోమాపో కుళ్లిపోయే మాంసాన్ని అది తాజా గుడ్డుగా మార్చి ఇస్తుంది. ఆకలే ప్రధాన శత్రువైన ఆటలో ఇంతకు మించిన ఆసరా తక్కువ.

ఆట సంగతి

2010లో సంస్థ లోపల జరిగిన గేమ్ జామ్‌లో ఈ ఆటకు బీజం పడింది. విల్సన్ అనే శాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ అనేవాడి మాయమాటలు నమ్మి ఒక యంత్రం కట్టి, దానివల్లే ఊరూ పేరూ లేని అడవిలో చిక్కుకుపోతాడు. అక్కడ బతకడమే పని. ఆరోగ్యం, ఆకలి, మతిస్థిమితం అని మూడు కొలతలు ఉంటాయి. విల్సన్ కడుపు నిండితే ఆకలి కొలత 150 దగ్గర ఉంటుంది, రోజుకు 75 చొప్పున తగ్గుతుంది. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో 8 నిమిషాలు. అంటే తిండి లేకుండా రెండు రోజులు గడిస్తే కడుపు పూర్తిగా ఖాళీ, ఆపైన ఆరోగ్యం కరగడం మొదలవుతుంది. తిరిగి లేపే సాధనమేదీ సిద్ధంగా లేకుండా చనిపోతే ఆ లోకం అక్కడితో సరి. అన్ని రోజుల కష్టమూ పోతుంది. పంజరపు కాకికి అంత విలువ రావడానికి కారణం ఈ కఠినత్వమే.

స్వేచ్ఛగా తిరిగే పక్షి

పగటిపూట నేలమీద ముందు ఒక చిన్న నీడ పడుతుంది. ఆ వెంటనే కాకి దిగుతుంది. నాలుగడుగులు గెంతుతుంది, నేలను పొడుస్తుంది, మనిషి దగ్గరికి రాగానే ఎగిరిపోతుంది. ఒక్కోసారి వెళ్తూ గింజలు వదిలిపోతుంది. వ్యవసాయం మొదలుపెట్టేవారికి తొలి విత్తనాలు ఎక్కువగా ఇలాగే చేతికొస్తాయి. రాత్రిళ్లు పక్షులు దిగవు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. బయట తిరిగే కాకి గింజలు తప్ప మరేమీ ముట్టదు. పక్కనే మాంసం ముక్క పడి ఉన్నా దాని జోలికి పోదు. అదే కాకి పంజరంలో చేరాక మాంసం, చేప, కప్పకాళ్లు అన్నీ తింటుంది. కాకికి సహజమైన అలవాటును ఆట బయట దాచిపెట్టి పంజరంలో బయటపెట్టింది. ఆట రూపకల్పనలో నాకు ఎంతో తెలివిగా తోచిన నిర్ణయాల్లో ఇదొకటి. బయటి కాకి కూడా మాంసం తినేదే అయితే, విడిదిలో కింద పెట్టిన తిండి ఒక్కటీ మిగిలేది కాదు.

పట్టడం

బోనుకు 3 పుల్లలు, 4 సాలెపట్టులు కావాలి. మొదటిసారి చేసేటప్పుడు సైన్స్ మెషీన్ పక్కన ఉండాలి. పుల్లలు ఎక్కడైనా దొరుకుతాయి, పట్టు కోసం మాత్రం సాలీళ్లతో పోరాడాల్సిందే. ఒక బోను 8 సార్లు పనిచేస్తుంది.

పక్షులు దిగే చోట బోను పెట్టి, అందులో ఎరగా గింజలు వేసి, దూరంగా జరగాలి. దగ్గర్లోనే నిలబడితే దిగబోయిన పక్షి కూడా బెదిరి పైకి లేస్తుంది. కొత్త ఆటగాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బోను పెట్టి, చూపుమేర దూరం వెళ్లి, పుల్లలో గడ్డో కోసుకుంటూ మరో పని చూసుకోవడం మంచిది. తిరిగి వచ్చేసరికి బోను మూతపడి, లోపల ప్రాణి కదులుతున్నట్టు ఊగుతుంటే పక్షి పడినట్టే. బోనుమీద నొక్కగానే పక్షి ప్రాణంతో సామాన్ల సంచిలోకి వస్తుంది. దాన్ని మోసుకెళ్లవచ్చు, కింద వదిలితే ఎగిరిపోతుంది.

చంపితే చిన్న మాంసం ముక్క గాని ఈక గాని దక్కుతుంది. ఈకలకూ గిరాకీ ఉంది. కాకి నల్లీకకు రెండు రెల్లుకాడలు, ఒక తేనెటీగ ముల్లు కలిపితే శత్రువును నిద్రపుచ్చే ఊదుడు బాణం తయారవుతుంది. అయితే హాని చెయ్యని ప్రాణులను వరసగా చంపుతూ పోతే ఆట ఆ లెక్కను కంటికి కనిపించకుండా రాసుకుంటుంది. లెక్క హద్దు దాటిన రోజు క్రాంపస్ అనే దొంగ సంచి పట్టుకుని దిగి, విడిదిలోని సామాన్లు దోచుకుపోతాడు. పట్టిన మొదటి కాకిని మాంసం కోసం చంపేయడం దండగ. అది ఒక పూట తిండి కూడా కాదు.

పంజరం

పంజరానికి 2 పాపిరస్ కాగితాలు, 6 బంగారు ముక్కలు, 2 విత్తనాలు పడతాయి. ఆల్కెమీ ఇంజన్ దగ్గర ఉంటేనే దీన్ని తొలిసారి తయారుచేయడం సాధ్యం. బంగారం పెద్ద కష్టం కాదు. పసుపు చారలున్న బండలు పగలగొడితే వస్తుంది, పందుల రాజుకు మాంసమిచ్చినా వస్తుంది. అసలు పరీక్ష కాగితం దగ్గరే. ఒక్కో కాగితానికి 4 రెల్లుకాడలు కావాలి, అంటే పంజరానికి మొత్తం 8. రెల్లు మొలిచేది చిత్తడినేలలో. అక్కడ బురద కింద టెంటకిళ్లు అనే ప్రాణులు దాక్కుని ఉంటాయి. కాలు దగ్గరపడేదాకా ఆనవాలు ఉండదు, ఒక్కసారిగా లేచి ముళ్లతో కొడతాయి. పరుగున వెళ్లి కోసుకురావాలనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దూరం నుంచే టెంటకిళ్లను బయటికి లేచేలా చేసి, ఎక్కడెక్కడున్నాయో చూసుకుని, వాటి మధ్య ఖాళీ దారిలో నడవాలి. సాలీళ్లను టెంటకిళ్ల మీదికి తోలి, అవి పోట్లాడుకుంటుండగా రెల్లు కోసుకునే అనుభవజ్ఞులూ ఉన్నారు.

పంజరాన్ని వంటపాత్రకు, అంటే క్రాక్ పాట్‌కు, నాలుగడుగుల దూరంలో నిలబెట్టడం మేలు. కాకి ఇచ్చిన గుడ్డు అక్కడే కింద పడుతుంది, అక్కడే పాత్రలోకి వెళ్తుంది. చీకటిపడితే కాకి నిద్రపోతుంది. మేత అందిస్తే లేస్తుంది. సుత్తితో పంజరాన్ని కొడితే పక్షికి విడుదల.

నా అభిప్రాయంలో పంజరం మొదటి చలికాలం రాకముందే సిద్ధమై ఉండాలి. ఆట తొలి రూపంలో 20 రోజుల వేసవి తరువాత 15 రోజుల చలికాలం వస్తుంది. ఆ రోజుల్లో బెర్రీ పొదలు కాయవు, మడుల్లో పంట పెరగదు. సాలీళ్లూ వేటకుక్కలూ మాత్రం ఎప్పటిలాగే మీదపడతాయి. వాటిని చంపితే వచ్చేది మాన్‌స్టర్ మీట్. పొలం పడుకున్నా కాకి మేతకు లోటుండదు.

మేత, గుడ్డు

మాన్‌స్టర్ మీట్‌ను పచ్చిగా తింటే విల్సన్ ఆరోగ్యం 20, మతిస్థిమితం 15 తగ్గుతాయి. కాల్చినా పూర్తిగా మంచిది కాదు. పచ్చిది పెట్టబోతే కాకి కూడా ముట్టదు. కానీ నిప్పుమీద కాల్చి ఇస్తే తీసుకుని, ఏ దోషమూ లేని గుడ్డు పెడుతుంది. మాంసం జాతి తిండి ఏదైనా ఒక ముక్కకు ఒక గుడ్డు. పెద్ద మాంసం ముక్కకైనా చిన్న కప్పకాలికైనా అదే లెక్క కనుక, మంచి మాంసం మనిషికి ఉంచుకుని, చిన్నవీ చెడ్డవీ కాకికి పెట్టాలి. గుడ్డును, మురిగిన గుడ్డును, పూర్తిగా కుళ్లి చివికిపోయిన దాన్ని అది తీసుకోదు.

అసలు లాభం తాజాదనంలో ఉంది. ఆటలో ప్రతి తిండి పదార్థం వెనక ఒక రంగు ఉంటుంది. ముందు ఆకుపచ్చ, తరువాత పసుపు, చివరికి ఎరుపు. పచ్చిమాంసం 6 రోజుల్లో కుళ్లిపోతుంది. ఐదో రోజు దాటి ఎరుపెక్కిన ముక్కను మనిషి తింటే బలం తగ్గిపోగా మతి కూడా చెడుతుంది. అదే ముక్కను కాకికి పెడితే వచ్చే గుడ్డు ఆకుపచ్చగా, కొత్తగా ఉంటుంది. దానికి మరో 10 రోజుల ఆయుష్షు. ఐస్ పెట్టె ఇంకా సమకూరని రోజుల్లో, అరడజను ముక్కలు ఒకేసారి ఎరుపెక్కినప్పుడు, పంజరం ముందు నిలబడి ఒక్కొక్కటే ఇస్తూ పోతే ముక్క ముక్కకూ కింద గుడ్డు పడుతుంది. పారేయాల్సిన సరుకు కళ్లముందే నిలవ తిండిగా మారడం ఈ ఆటలో గొప్ప ఊరట.

గుడ్డు ఒక్కటే తింటే దక్కేది కొద్దిగానే. దాని సత్తా వంటలో తెలుస్తుంది. రెండు మాన్‌స్టర్ మీట్ ముక్కలు ఉన్నాయనుకుందాం. ఒకదాన్ని కాల్చి కాకికి పెడితే గుడ్డు వస్తుంది. ఆ గుడ్డును, రెండో ముక్కను, రెండు పుట్టగొడుగులను క్రాక్ పాట్‌లో వేస్తే పియరోగీ సిద్ధం. ఆరోగ్యానికి 40 కలుస్తుంది, 20 రోజులు నిలవ ఉంటుంది. విడిగా తింటే ప్రాణం తీసే రెండు ముక్కల నుంచి మందులాంటి వంటకం వచ్చినట్టు. రెండు గుడ్లకు తగినంత మాంసం కలిపితే బేకన్ అండ్ ఎగ్స్ అవుతుంది. దానితో ఆకలి కొలత 75 పెరుగుతుంది, సరిగ్గా ఒక రోజు కడుపుకు సరిపోయేంత.

విత్తనాలు

పండో కూరగాయో పెడితే కాకి అదే పంట విత్తనాలు ఒకటో రెండో ఇస్తుంది, అప్పుడప్పుడు మామూలు గింజ కూడా కలుస్తుంది. మామూలు గింజ నాటితే ఏం మొలుస్తుందో చెప్పలేం. క్యారెట్, మొక్కజొన్న తరచుగా వస్తాయి, డ్రాగన్ ఫ్రూట్ అరుదు. అదృష్టం బాగుండి ఒక్క డ్రాగన్ ఫ్రూట్ పండిందంటే దాన్ని తినకూడదు, వండకూడదు, నేరుగా కాకికే ఇవ్వాలి. వచ్చిన విత్తనాలు నాటి, పండిన వాటిలో మళ్లీ ఒకటి కాకికిస్తూ పోతే కొద్ది రోజుల్లో మడులన్నీ అదే పంటతో నిండుతాయి. ఒక డ్రాగన్ ఫ్రూట్‌కు మూడు పుల్లలు జతచేసి వండే డ్రాగన్ పై ఆరోగ్యానికి 40, ఆకలికి 75 ఇస్తుంది. అదృష్టం మీద ఆధారపడిన సాగును కాకి తిరుగులేని సాగుగా మారుస్తుంది.

టుగెదర్‌లో కాకికీ ఆకలి

తొలి ఆటలో పంజరపు కాకికి ఆకలి లేదు. పెడితే తింటుంది, పెట్టకపోయినా అలాగే ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో పూర్తిస్థాయిలో వచ్చిన ‘డోంట్ స్టార్వ్ టుగెదర్’లో, అంటే పలువురు కలిసి ఆడే రూపంలో, ఇది మారింది. ఇక్కడ కాకికి ఆకలేస్తుంది, చూస్తే నీరసించినట్టు తెలుస్తుంది, పట్టించుకోకపోతే చనిపోతుంది. అలాగే వదిలేస్తే పంజరంలో ఎముకలే మిగులుతాయి. వట్టి గింజలు పెట్టినా దాని ప్రాణం నిలుస్తుంది. బదులుగా విత్తనం రాదు, ఎప్పుడైనా రెట్ట పడితే ఎరువుకు పనికొస్తుంది.

ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వాడుకుని వదిలేసే పనిముట్టులా ఉన్న పక్షి దీంతో పోషించాల్సిన ప్రాణి అయింది. నలుగురు కలిసి ఆడేచోట కాకికి ఎవరు మేత వేశారో, ఎవరు వేయలేదో మాట్లాడుకోక తప్పదు. ఒకరు గనుల వైపు, ఒకరు వేటకు వెళ్లి, ఎవరికివారు మరొకరు చూసుకుంటారులే అనుకున్న విడిదిలో కాకి బతకదు. దూరప్రయాణానికి బయల్దేరేముందు దాన్ని పంజరంలోంచి తీసి వదిలేయడం మంచి పద్ధతి. తిరిగి వచ్చాక మరో దాన్ని పట్టుకోవడానికి బోనూ గుప్పెడు గింజలూ చాలు.

పంజరానికి లొంగని రాబందు

2014లో వచ్చిన ‘రీన్ ఆఫ్ జయంట్స్’ విస్తరణ ఎడారి నేలలకు బజార్డ్ పేరుతో రాబందును తెచ్చింది. ఆటలో బయట మాంసం తిని బతికే అసలైన ఏరుకుతినే పక్షి ఇదే. ఆకాశంలో ఇది చక్కర్లు కొడుతుంటే నేలమీద దాని నీడ గుండ్రంగా తిరుగుతుంటుంది. కింద మాంసం ముక్క కనిపిస్తే చాలు, దిగి తినేస్తుంది. ఎడారిలో వేటకుక్కలను చంపినవారు సంచి నిండిందని మాంసాన్ని నేలమీదే వదిలితే, తిరిగి చూసేసరికి అది రాబందు పాలవుతుంది. దాన్ని బోనులో పట్టలేం, పంజరంలో పెట్టలేం, మచ్చిక చేసుకునే మార్గం ఆటలో లేదు. కొడితే కాకిలా పారిపోదు, తిరగబడి పొడుస్తుంది. అందుకే కోడికాలు, నల్లీక కావాలనుకున్నవారు మాంసం ముక్కను ఎరగా పడేసి, అది దిగి తినడంలో మునిగినప్పుడు మీదపడతారు. విడిదిని ఎడారి అంచున కట్టుకున్నవారు మాత్రం కాకి కోసం తెచ్చిన మాంసాన్ని పంజరం పక్కన నేలమీద ఉంచకుండా పెట్టెలోనే దాచుకోవాలి.